తొమ్మిది మదొన్నీనాలు, అరిగిపోయిన ఒక ఊరి పేరు

నేను కొన్న తొమ్మిది పాత ఇటలీ రాగి నాణేల్లో ఆరో నంబరుదాని మీద ఊరి పేరు అరిగిపోయింది. మొదటి అక్షరం ఎఫ్, చివరిది ఓ. మధ్యలో ఏమున్నాయో కంటికి ఆనవు. దానితో పాటు వచ్చిన కాగితం ముక్క మీద మాత్రం ఎవరో పెన్సిల్‌తో ‘ఫెర్మో’ అని రాసిపెట్టారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఏం చూశానో, ఎక్కడ పొరబడ్డానో, చివరికి ఏం రాసుకున్నానో ఇక్కడ వివరంగా చెప్తాను. ఏ పాత రాగి నాణెం ముందేసుకుని కూర్చున్నవాళ్లకైనా ఇందులో పనికొచ్చేది కొంత ఉంటుందని నా నమ్మకం.

మాది గుంటూరు దగ్గర ఫిరంగిపురం. నేను రోములో ఒక ఆసుపత్రి ల్యాబులో పని చేస్తున్నాను. రోజంతా మైక్రోస్కోపులో చూడటమే ఉద్యోగం. ఇంటికొచ్చాక పన్నెండేళ్లుగా చేస్తున్నదీ ఇంచుమించు అదే. పోపులు మధ్య ఇటలీని రాజుల్లా ఏలిన రోజుల్లో కొట్టించిన నాణేల్లో నేను రాగివే ఎక్కువ కొంటాను. వెండి పియాస్త్రాలు చాలా అందంగా ఉంటాయి. హమెరానీ కుటుంబం వాళ్లు తరతరాలుగా చెక్కిన పని చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కానీ వెండిని ఎప్పటినుంచో ఎందరో శ్రద్ధగా చూస్తూనే ఉన్నారు. రాగిని అంత ఓపికగా చూసినవాళ్లు తక్కువ. సంతల్లో చేతులు మారి, చెమటకి నల్లబడి, అరిగి వచ్చిన నాణెంలో ఇంకా తెలుసుకోవాల్సింది మిగిలే ఉంటుంది.

పోయినేడాది అక్టోబరులో ఒక ఆదివారం పొద్దున్నే పోర్తా పోర్తేసే సంతకి వెళ్లాను. ఒక పెద్దాయన పాత తాళాలు, బొత్తాలు, గడియారం ముక్కలు పరుచుకుని కూర్చున్నాడు. పక్కన బిస్కెట్ల డబ్బాలో తొమ్మిది రాగి బిళ్లలు. “అన్నీ మదొన్నీనాలే సిన్యోరా, విడిగా ఇవ్వను” అన్నాడు. 160 యూరోలకు బేరం తెగింది. ఒక చీటీ మీద తేదీ, వస్తువులు, ధర రాసి ఆయనతో సంతకం పెట్టించుకున్నాను. ఇటలీలో పాత నాణేలు కూడా సాంస్కృతిక ఆస్తుల చట్టం కిందికి రావచ్చు కాబట్టి, ఎక్కడ కొన్నానో చెప్పే కాగితం లేకుండా నేను ఏదీ ఇంటికి తీసుకురాను.

మదొన్నీనా అంటే ‘చిన్న మరియమాత’. 1797లో ఆరవ పయస్ పోపుగారి పేర కొట్టిన అయిదు బయోక్కోల రాగి నాణేనికి జనం పెట్టుకున్న పేరు అది. బయోక్కో అంటే పోపుల రాజ్యంలో చిల్లర డబ్బు. దీనికి ముందే 2.5 బయోక్కోల రాగి నాణెం ఒకటి వచ్చింది. దాని మీద పునీత పేతురు గారి బొమ్మ ఉంటుంది కాబట్టి దాన్ని సంపియెత్రీనో అన్నారు. రెండూ కష్టకాలం నాణేలే. ఆ కష్టం ఏమిటో తెలియకపోతే వీటి వెరైటీలు అర్థం కావు కాబట్టి కాస్త వెనక్కి వెళ్లాలి.

1796 జూన్‌లో నెపోలియన్ బొనపార్టె సైన్యం పోపుల రాజ్యంలోని బొలోన్యాలోకి వచ్చింది. యుద్ధం ఆపాలంటే పోపు 2 కోట్ల 10 లక్షల ఫ్రెంచి లివ్రలు కట్టాలని షరతు పెట్టారు. 1797 ఫిబ్రవరి 19న తొలెంతీనో ఒప్పందంలో ఇంకో కోటిన్నర కలిపారు. అవిన్యోన్, బొలోన్యా, ఫెర్రారా, రొమాన్యా పోప్ చేతి నుంచి పోయాయి. వంద కళాఖండాలు, అయిదు వందల రాతప్రతులు పారిస్‌కి పంపాలన్నారు. పాత బాకీ డబ్బు తెచ్చి ఫ్రెంచి సైన్యం ఖజానాదారుకి అప్పజెప్పాల్సిన చోటు ఫోలిన్యో అని ఒప్పందంలోనే రాశారు. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి.

అప్పటికే రోములో ‘చెదొలె’ అనే కాగితం డబ్బు లెక్కకు మించి తిరుగుతోంది. దాన్ని నమ్మేవాళ్లు లేరు. వెండి బండ్లెక్కి వెళ్లిపోతోంది, ఉన్నవాళ్లు ఉన్నది దాచుకున్నారు. సంతలో కూరగాయలు కొనడానికి చిల్లర లేదు. అదివరకు అయిదు బయోక్కోలంటే గ్రోసో అనే చిన్న వెండి నాణెం. ఆ విలువని ఇప్పుడు రాగి మీద వేశారు. నా దగ్గరున్న ఇదే పోపుగారి ఒక బయోక్కో రాగి నాణేలు 10 నుంచి 11 గ్రాములు తూగుతాయి. ఆ లెక్కన అయిదు బయోక్కోలకి 50 గ్రాములకు పైగా రాగి పడాలి. మదొన్నీనాలో ఉన్నది 16 గ్రాములకు అటూఇటూ. అంటే మూడో వంతు రాగి పెట్టి పూర్తి విలువ రాశారు. ఇది తెలిశాక దొంగ నాణేలు అన్నెందుకు పుట్టుకొచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

బొలోన్యా టంకశాల చేజారింది. రోము ఒక్కటే దేశానికంతా చిల్లర అందించలేదు. అందుకని ఉంబ్రియా, మార్కే, లాత్సియో ప్రాంతాల్లో చిన్న చిన్న ఊళ్లలోనూ నాణేలు కొట్టారు. వితెర్బో, చివితవెక్కియా, తీవొలి, తెర్ని, స్పొలేతో, ఫోలిన్యో, పెరూజా, గుబ్బియో, మాచెరాతా, సాన్ సెవెరీనో, ఫెర్మో, ఫానో, అస్కొలి, మతేలికా, పెర్గొలా, ఇంకా కొన్ని. ఇన్ని ఊళ్లు, ఇంత తొందర, రకరకాల చేతులు. వెరైటీలు పుట్టింది అక్కడే.

మరియమాత బొమ్మనే ఎందుకు వేశారన్నదానికి నా ఊహ ఒకటుంది. 1796 జూన్‌లో అంకోనా పెద్దగుడిలో మరియమాత పటం కళ్లు కదిపిందని జనం విరగబడ్డారు. జులైలో రోము వీధుల్లోని పటాల గురించీ అదే మాట పుట్టింది. 1797 ఫిబ్రవరిలో లొరెతో గుడిలోని మాత విగ్రహాన్ని ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు. అలాంటి రోజుల్లో, విలువకు తగ్గ లోహం లేని నాణేన్ని జనం చేత తీసుకునేలా చేయాలంటే అంతకంటే పెద్ద పూచీ ఏముంటుంది?

ఇప్పుడు ఒక నాణేన్ని దగ్గరగా చూద్దాం. తొమ్మిదింట్లో బాగా ఉన్నది రెండో నంబరు. ముదురు చాక్లెట్ రంగు, అంచు దగ్గర కొద్దిగా పచ్చ. బొమ్మ వైపు మాత ఎడమ పక్కకి తిరిగి ఉంటుంది. తల మీద ముసుగు, వెనక కాంతివలయం. ముసుగు మడతలు నుదుటి దగ్గర రెండుగా మొదలై చెవి దగ్గరకి వచ్చేసరికి ఒకటైపోతాయి. ముక్కు చివర, చెంప ఎముక మీద అరుగుదల మొదలైంది. నాణెంలో ఎత్తయిన చోట్లు అవే కాబట్టి ముందు అరిగేవీ అవే. చుట్టూ లాటిన్‌లో ‘సాంక్తా దేయి జెనిట్రిక్స్’. బొరుసు వైపు చుట్టూ ‘పియుస్ పాపా సెక్స్తుస్’ అని పోపుగారి పేరు, ఆయన పట్టానికొచ్చిన 23వ ఏడు అని రోమన్ అంకెల్లో. మధ్యలో వరుసలుగా ‘బయోక్కి చింక్వే’, కింద ఊరి పేరు. రెండో నంబరులో ఫోలిన్యో పేరు ఏడు అక్షరాలూ చక్కగా చదవచ్చు.

ఆ 23వ ఏడు ఊరికే రాసింది కాదు. ఆరవ పయస్ ఎన్నికైంది 1775 ఫిబ్రవరి 15న. కాబట్టి 23వ ఏడు మొదలయ్యేది 1797 ఫిబ్రవరి మధ్యలో. అంటే ఈ నాణెం తొలెంతీనో ఒప్పందం కుదిరిన రోజులకి ముందు పుట్టినది కాదు. ఏడాది ఒక్కటే చూస్తే ఇది తెలియదు. పాలనా సంవత్సరం కూడా చదివితే నెలల లెక్కకి దగ్గరగా వెళ్లొచ్చు. పోపుల నాణేలంటే నాకున్న ఇష్టంలో సగం ఈ రెండు తేదీల వల్లే.

లాటిన్ నాకు అంతంతమాత్రం. ఇక్కడ చదువుకుంటున్న మన గుంటూరు వైపు ఫాదర్‌గారు ఒకరున్నారు, ఆయనకి ఫోన్ చేశాను.

“ఫాదర్‌గారూ, సాంక్తా దేయి జెనిట్రిక్స్ అంటే మనవాళ్లు తెలుగులో ఏమంటారండీ?”

“నువ్వు రోజూ చెప్పేదే కదమ్మా. జపమాలలో ‘సర్వేశ్వరుని యొక్క మాతా’ అంటామే, ఆ మాటే. లొరెతో ప్రార్థనలో కూడా ఇదే వస్తుంది.”

మా అమ్మమ్మ మెడలో ఇలాగే ఎడమ పక్కకి తిరిగిన మాత బిళ్ల ఉండేది. ముక్కు, చెంప అరిగిపోయి ఉండేవి, ఆవిడ వేలితో రాస్తూ ఉండేది కాబట్టి. ఆ రాత్రి నాణెం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

సరే, పని సంగతి. ముందు తూకం. పదో వంతు కాదు, వందో వంతు గ్రాము చూపించే త్రాసు కావాలి. ఒకటో నంబరు (వితెర్బో) 16.82, రెండు (ఫోలిన్యో) 17.35, మూడు (మాచెరాతా) 15.90, నాలుగు (సాన్ సెవెరీనో) 16.41, అయిదు (చివితవెక్కియా) 12.06, ఆరు 14.77, ఏడు (మళ్లీ వితెర్బో) 16.13, ఎనిమిది (గుబ్బియో) 18.02, తొమ్మిది (పెరూజా) 15.24. అడ్డకొలత అన్నీ 32 మిల్లీమీటర్లకు దగ్గర, అయిదో నంబరు ఒక్కటే 31.2.

అయిదోది పోత నాణెం. తూకం చూడగానే అనుమానం వచ్చింది, అడ్డకొలతతో గట్టిపడింది. అసలు నాణేన్ని మట్టిలో నొక్కి, ఆ గుంటలో కరిగిన లోహం పోస్తే చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది. అందుకే పోత నకలు అసలు కంటే కొద్దిగా చిన్నదవుతుంది. లెన్స్ కింద అక్షరాల గోడలు నిలువుగా లేవు, మైనంలా జారి ఉన్నాయి. ఖాళీ చోట గాలి బుడగల గుంటలు. అంచు మీద ఆకురాయితో రాసిన గీతలు, పోత అతుకుని అరగదీసిన గుర్తులు. ఇది ఈ మధ్య మోసం కోసం చేసింది కాదు. అసలు నాణేలు తిరుగుతున్న రోజుల్లోనే ఎవరో చేసుకుని చలామణీ చేశారు, అరుగుదల అసలు వాటి మీద ఉన్నట్టే ఉంది. దీన్ని పారేయలేదు. మూడో వంతు రాగికి పూర్తి విలువ రాస్తే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం ఇది.

ఇక వెరైటీల సంగతి. నాణెం కొట్టే ఉక్కు అచ్చుని మేము డై అంటాం. చెక్కేవాడు డై మీద గుంటగా చెక్కింది నాణెం మీద ఎత్తుగా వస్తుంది. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే సగం గందరగోళం తీరుతుంది. నాణెం మీద కనిపించే ప్రతి తేడాకీ మూడు పుట్టుకలు ఉండొచ్చు. చెక్కేవాడి చెయ్యి చేసింది ఒకటి, అక్షరం వంకర, చుక్క, ఎడం, స్పెల్లింగు లాంటివి. వాడుతుండగా డైకి జరిగింది ఇంకొకటి. డై పగిలినా, పెచ్చు ఊడినా అక్కడ గుంట పడుతుంది కాబట్టి నాణెం మీద ఎత్తుగా గీత గానీ బొడిపె గానీ వస్తుంది. డైలో జిడ్డు, మురికి పేరుకుంటే అక్షరం సరిగ్గా పడదు. మూడోది, టంకశాల దాటాక నాణేనికి తగిలిన దెబ్బలు. ఇవి దాదాపు ఎప్పుడూ గుంటలే. మొదటిదాన్నే వెరైటీ అనాలి. రెండోది డై వయసు చెబుతుంది. మూడోది ఆ ఒక్క నాణెం బతుకు.

చెప్పినంత సులువుగా కంటికి దొరకదు. లెన్స్ కింద ఎత్తు, గుంట తారుమారుగా కనిపిస్తాయి. కుడి నుంచి పడే వెలుగుని ఎడమ నుంచి అనుకుంటే బొడిపె గుంటై కూర్చుంటుంది. నేను ఒకే ఒక దీపం పెట్టి, పక్క నుంచి వాలుగా వెలుగు పడేలా చేసి, నాణేన్ని కొంచెం కొంచెం తిప్పుతూ నీడ ఎటు పోతుందో చూస్తాను. నాలుగు దిక్కుల్లోనూ ఒకే జవాబు వస్తేనే రాసుకుంటాను.

నేను పొరబడింది నాలుగో నంబరు దగ్గర, సాన్ సెవెరీనోది. ‘దేయి’ తర్వాత ఒక చుక్క ఉంది. నా దగ్గరున్న కేటలాగుల్లో, పోపుల నాణేల మీద ముంతోని రాసిన నాలుగు సంపుటాలతో సహా, నాణేనికి నాణేనికి మధ్య తేడా పట్టుకునేది ఎక్కువగా ఇలాంటి చుక్కలతోనే, అక్షరాలతోనే. ఈ చుక్క నాకు ఎక్కడా కనిపించలేదు. కొత్త వెరైటీ దొరికిందని రెండు వారాలు గాల్లో తేలాను. ఇద్దరు తోటి కలెక్టర్లకి ఫోటోలు కూడా పంపాను. తర్వాత ఒక రాత్రి డ్యూటీ లేని రోజు నాణేన్ని మళ్లీ తిప్పి చూస్తుంటే, ఆ చుక్క నుంచి అంచు వరకు వెంట్రుక మందాన ఒక గీత ఎత్తుగా సాగి ఉంది. చుక్క గుండ్రంగా లేదు, గీత వైపు తోకలా లాగి ఉంది. మిగతా చుక్కలన్నీ ఒకే గుండ్రటి పనిముట్టుతో కొట్టినవి, వెడల్పు అన్నిటికీ ఒకటే. ఇది దానికి సరిపోలేదు. డై అంచు పగిలి, ఆ పగులు చివర చిన్న పెచ్చు ఊడింది. అది చుక్క కానేకాదు. ఎత్తుగా ఉంది కాబట్టి డై నుంచి వచ్చిందే, కానీ చెక్కేవాడు పెట్టింది కాదు. ఆ ఇద్దరికీ మళ్లీ రాసి సరిదిద్దాను. అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. అదే గుర్తు ఉన్న రెండో నాణెం చూసేదాకా వెరైటీ అనే మాట కాగితం మీద పెట్టను.

ఒకటి, ఏడు నంబర్లు రెండూ వితెర్బోవే. బొరుసు వైపు ఒకే డై, బొమ్మ వైపు వేర్వేరు డైలు. కొన్ని డైల మీద బొమ్మ కింద ఉండే టి.ఎం. అనే పొడి అక్షరాలు ఒకటో నంబరు మీద కనిపిస్తాయి. వాటిని రోము చెక్కడపు పనివాడు తొమ్మాజో మెర్కందెత్తి సంతకంగా చదువుతారు. ఏడోదాని మీద ఆ చోటు అరిగిపోయింది, ఉన్నాయో లేవో చెప్పలేను కాబట్టి ‘చదవలేదు’ అని రాశాను. ‘లేవు’ అని రాయడం తప్పు. లేకపోవడం, అరిగిపోవడం ఒకటి కావు.

ఆరో నంబరుకి వచ్చేముందు ఒక పాత దెబ్బ చెప్పాలి. నాలుగేళ్ల క్రితం ఒక వ్యాపారి దగ్గర, అరుదుగా దొరికే ఊరి పేరుతో ఉన్న మదొన్నీనా 180 యూరోలు పెట్టి కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే మాత ముఖం బాగా అరిగింది, పోపుగారి పేరు అరిగింది, ఊరి పేరు మాత్రం కొత్తగా చెక్కినట్టు పదునుగా ఉంది. అది నిజంగానే కొత్తగా చెక్కింది. మామూలుగా అక్షరం నాణెం మట్టం మీద నుంచి పైకి లేస్తుంది. ఇక్కడ అక్షరాల చుట్టూ మట్టమే కిందికి దిగి ఉంది. ఎవరో చుట్టూ లోహం గీకేసి, అరిగిన మామూలు పేరుని అరుదైన పేరుగా మార్చారు. డబ్బు తిరిగి రాలేదు. ఆ నాణేన్ని ఇప్పుడు కొత్తగా కలెక్షన్ మొదలుపెట్టే పిల్లలకి చూపించడానికి వాడుతున్నాను. ఊరి పేరు మీదే ధర ఆధారపడి ఉన్న నాణెంలో ముందు చూడాల్సింది ఊరి పేరు చుట్టూ ఉన్న ఖాళీ చోటునే.

ఆరో నంబరులో ఆ భయం లేదు. పేరు అరిగింది, చుట్టూ మట్టం కూడా అంతే సమానంగా అరిగింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎఫ్‌తో మొదలై ఓతో ముగిసే ఊళ్లు మూడున్నాయి. ఫానోకి నాలుగు అక్షరాలు, ఫెర్మోకి అయిదు, ఫోలిన్యోకి లాటిన్ లిపిలో ఏడు. చీటీ ఫెర్మో అంటోంది.

మొదట ఎడం కొలిచాను. అదే నాణెం మీద పై వరుసలో ‘చింక్వే’ ఆరు అక్షరాలూ కనిపిస్తున్నాయి. ఒక అక్షరం మధ్య నుంచి పక్క అక్షరం మధ్యకి సగటున 2.3 మిల్లీమీటర్లు. ఊరి పేరులో ఎఫ్ నుంచి ఓ మధ్యకి 13.2. ఫానో అయితే మూడు ఎడాలు, అంటే 7 దగ్గర రావాలి. ఫెర్మో అయితే నాలుగు, 9.2. ఫోలిన్యో అయితే ఆరు, 13.8, అందులో ఐ అక్షరం సన్నం కాబట్టి కాస్త తగ్గుతుంది. లెక్క ఫోలిన్యో వైపే మొగ్గింది.

అయినా అక్కడ ఆగిపోకూడదు. చిన్న పేరు వచ్చినప్పుడు వరుస నిండడానికి అక్షరాలని ఎడంగా కొట్టే అలవాటు చెక్కేవాళ్లకి ఉంటుంది. ఫెర్మో పేరునే సాగదీసి కొట్టి ఉండొచ్చు కదా. అందుకని ఓ కి ముందున్న అక్షరం మిగులు మీద మూడు రాత్రులు కూర్చున్నాను. దీపం బాగా కిందికి దించి, దాదాపు నాణెం మట్టానికి తెచ్చినప్పుడు, రెండు నిలువు గీతల మొదళ్లు, వాటి మధ్య ఒకే ఒక ఏటవాలు నీడ కనిపించాయి. మొత్తం వెడల్పు 1.9 మిల్లీమీటర్లు. అదే పనివాడు ‘చింక్వే’లో కొట్టిన ఎన్ అక్షరం వెడల్పు 1.6. ఎం అయితే దానికంటే చాలా వెడల్పుండాలి, మధ్యలో ఒక వాలు కాక రెండుండాలి. ఇది ఎన్. ఫెర్మోలో ఓ కి ముందు ఎం వస్తుంది. ఫానోలోనూ ఫోలిన్యోలోనూ ఎన్ వస్తుంది. దాంతో ఫెర్మో పోయింది. ఫానో అనుకుంటే మధ్యలో రెండే అక్షరాలు, ఏ, ఎన్. ఎన్‌కీ ఎఫ్‌కీ మధ్య మిగిలిన చోట ఒక్క ఏ మాత్రమే ఉండాలి. అక్కడ నాకు కనీసం మూడు చోట్ల నిలువు గీతల జాడలున్నాయి.

ఇది బొరుసు చెప్పిన కథ. బొమ్మ వైపు ఇంకో కథ విడిగా దొరికింది, నన్ను పూర్తిగా నమ్మించింది అదే.

తొమ్మిది నాణేల బొమ్మ వైపూ ఒకే దీపం కింద, ఒకే ఎత్తు నుంచి ఫోటో తీసి పెట్టుకున్నాను. ఫోన్‌లో రెండు ఫోటోలని ఒకదాని మీద ఒకటి వేసి, పైదాన్ని సగం పారదర్శకంగా చేస్తే, ఒకే డై అయితే గీతలన్నీ కలిసిపోతాయి, వేరైతే బొమ్మ రెండుగా చీలినట్టు కనిపిస్తుంది. ఆరోదాన్ని మిగతా ఎనిమిదింటి మీదా వేసి చూశాను. ఏడింటి మీద చీలింది. రెండో నంబరు మీద కలిసింది. జెనిట్రిక్స్ చివరి ఎక్స్ కుడి కాలు ఒకే వంపులో బయటికి జారి ఉంది. సాంక్తాలోని మొదటి ఎస్ మాత ముసుగుకి రెండింట్లోనూ ఒకే దూరంలో ఉంది. అన్నిటికంటే గట్టి గుర్తు, కాంతివలయం మీద నుదుటికి పైన ఒక చిన్న బొడిపె. రెండో నంబరు మీద అది ఆవగింజలో సగం. ఆరో నంబరు మీద అదే చోట, అదే ఆకారంలో, దాదాపు రెండింతలు. నాణెం అంత అరిగినా బొడిపె పెద్దదిగానే ఉంది. అంటే డైలో ఊడిన పెచ్చు వాడేకొద్దీ పెరిగింది. ఒకే డై, ముందు రెండో నంబరు కొట్టారు, తర్వాత ఆరోది. ఆ మధ్యలో ఎన్ని వందలు, ఎన్ని వేలు కొట్టారో తెలియదు, కానీ వరుస మాత్రం తెలిసింది. ఆరోదాని మీద బొమ్మకీ బొరుసుకీ మధ్య తిప్పు కూడా కొద్దిగా పక్కకి పోయింది, డై పట్టు వదులైనట్టుంది.

రోము తెర్మినీ స్టేషన్ పక్కన పలాత్సో మాస్సిమో మ్యూజియం అడుగు అంతస్తులో ఇటలీ రాజు మూడవ విత్తోరియో ఎమాన్యుయేలె సేకరించిన నాణేలున్నాయి. ఇటలీ నాణేల మీద ఆయన ఆధ్వర్యంలో 1910 నుంచి 1943 వరకు 20 సంపుటాల కేటలాగు అచ్చయింది. ఒక రాజు ఇలాంటి చిల్లర రాగిని కూడా వదలకుండా వరుసలో పెట్టించాడు. సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి ఆ అద్దాల ముందు నిలబడతాను. అక్కడ నేర్చుకున్నదొకటుంది. కేటలాగు చెప్పేది ఏ డైలో ఏముందో మాత్రమే. ఆ డై ఏ వయసులో ఏ నాణేన్ని కొట్టిందో చెప్పేది ఒకే డై నుంచి వచ్చిన రెండు మామూలు నాణేలు. అందుకే డబ్బా మొత్తంగా కొనడం మంచిదైంది. విడగొట్టి అమ్మి ఉంటే రెండు, ఆరు చెరో ఇంటికి పోయేవి.

ఒక అభ్యంతరం నేనే వేసుకున్నాను. బొమ్మ వైపు డై ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లి ఉండొచ్చు కదా? వెళ్లొచ్చు, అందుకే డై ఒక్కదాన్నే నమ్ముకోలేదు. కానీ బొరుసు మీద అక్షరాల లెక్క వేరే దారిలో వచ్చి అదే ఊరు చెప్పింది. రెండు దారులూ ఒకదాని మీద ఒకటి ఆధారపడలేదు. ఎడాలు కొలిచేటప్పుడు రెండో నంబరు నాణేన్ని కావాలనే చూడలేదు, చూస్తే దాన్నే చదివేస్తానని.

శుభ్రం చేయడం గురించి చాలామంది అడుగుతారు కాబట్టి రెండు మాటలు. ఆరో నంబరుని ఏదైనా ఆసిడ్‌లో ముంచితే అక్షరాలు తేలతాయని ఒకరు సలహా ఇచ్చారు. నిమ్మరసం, చింతపండు, బ్రాసో, ఏదీ వద్దు. ఆ నల్లటి పొరలోనే అరిగిన అక్షరాల ఆఖరి నీడ ఉంది. నేను డిస్టిల్డ్ వాటర్‌లో రెండు రోజులు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, బాగా ఆరబెట్టాను, అంతే. తొమ్మిదో నంబరు మీద మాత్రం లేత పచ్చ పొడి రాలుతోంది. గట్టిగా అంటుకున్న పచ్చతో ప్రమాదం లేదు, రాలే పొడితో ఉంది. దాన్ని మిగతావాటి నుంచి విడదీసి సిలికా జెల్ పెట్టిన డబ్బాలో ఉంచాను. పి.వి.సి. కవర్లు వాడకండి, వేసవిలో జిగురు వదిలి రాగిని తినేస్తాయి.

డబ్బాలో వచ్చిన పెన్సిల్ చీటీని పారేయలేదు. ఎవరో ఒకరు ఆ మూడు అక్షరాల మధ్యలో ఫెర్మోని నిజాయితీగానే చదివి ఉంటారు. నాణెం కవరులో ఆ చీటీ వెనకాలే నాది పెట్టాను. ‘ఫోలిన్యో. బొమ్మ వైపు డై రెండో నంబరుదే, తర్వాతి దశ. 14.77 గ్రాములు. ఊరి పేరులో ఎఫ్, ఎన్, ఓ చదివాను, మిగతావి ఎడం లెక్కతో.’ బొడిపె ఇంకా పెద్దగా ఉన్న మూడో నాణెం ఎక్కడైనా దొరుకుతుందేమోనని ఆదివారాలు వెతుకుతున్నాను. దాని మీద ఇంకో ఊరి పేరు స్పష్టంగా కనిపిస్తే, ఈ చీటీ తీసి మళ్లీ రాస్తాను.